మా ఎనిమిది వారాలు

మే 12, సోమవారం

మా ఎనిమిది వారాల్లోంచి మూడు వారాలు కొట్టేశారు. అడగలేదు, చెప్పలేదు. ప్రాజెక్టు గదిలో గోడంత బోర్డు మీద ఒక ఆకుపచ్చ పట్టీ పొద్దున పొడుగ్గా ఉంది, మధ్యాహ్నానికి పొట్టిదైంది. ఎవరో గడ్డి కోసినట్టు కోసేశారు, అంతే.

ఆ పట్టీ మాది. "ఆపరేటర్ల శిక్షణ" అని దానిమీద అచ్చక్షరాల్లో ఉంది. ఆ ఆపరేటర్లు ముగ్గురు: డూగల్, సెమిసి, నేను. ఈ ఫ్యాక్టరీలో పాలను పొడి చేసే ఆవిరంతా మా బొగ్గు బాయిలర్‌దే. ఇప్పుడు బొగ్గు పాపమైంది, చెక్క పుణ్యమైంది. మంచిదే. ఆ పొగ పీల్చేది నేను, దానిమీద నాకేం ప్రేమ లేదు. కొత్త చెక్క బాయిలర్ వెలిగించే ముందు మమ్మల్ని ఉత్తరాన ఒక రంపపు మిల్లుకి పంపుతామన్నారు. అక్కడ అలాంటి బాయిలర్‌నే ఎనిమిది వారాలు నడిపి, చేతికి అలవాటు చేసుకుని రమ్మన్నారు. క్రిస్మస్ ముందు క్యాంటీన్‌లో, అందరి ఎదుట, మైకు పట్టుకుని అన్నారు.

మైకు ఆపేశాక ఆ మాట ఎక్కడికి పోయిందో ఎవరికీ తెలియదు.

మే 13

డూగల్‌కి చెప్పాను. "ఐదు వారాలే ఎక్కువ పిల్లా. ఆ మిల్లు ఊళ్లో పబ్బు కూడా లేదట" అన్నాడు. ఈ మనిషికి కోపం తెప్పించడం నా వల్ల కాదు. అరవై ఏళ్లొచ్చాయి, అందులో సగానికి పైగా ఆ పొయ్యి ముందే గడిచాయి.

మే 22, గురువారం

ప్రాజెక్టు మేనేజర్ పేరు టాంసిన్. ఆక్లాండ్ మనిషి. గాలిలో పొగ తగ్గించడానికి ప్రతి సోమవారం విమానంలో దిగుతుంది, ప్రతి గురువారం విమానంలో ఎగిరిపోతుంది. ఆమె బూట్లు ఎంత శుభ్రంగా ఉంటాయంటే, "వాటికి కూడా శిక్షణ ఇవ్వలేదు చెల్లీ" అన్నాడు సెమిసి.

ఆమె బోర్డు మీద మూడు రంగులుంటాయి. ఆకుపచ్చ అంటే అంతా బాగుంది. పసుపు అంటే బాగాలేదు కానీ పైవాళ్లతో అనకండి. ఎరుపు కూడా ఉందట. నేనింతవరకూ చూడలేదు. బహుశా ఆక్లాండ్‌లో డబ్బాలో పెట్టి తాళం వేసి ఉంటారు.

ఇవాళ నన్ను పిలిచి "మార్పు సారథి"ని చేసింది. ఒక ఆకుపచ్చ జాకెట్ ఇచ్చింది.

"అంటే నేనేం చెయ్యాలి?"

"నువ్వు టీమ్‌కీ ప్రాజెక్టుకీ మధ్య వారధివి, రోయిమాటా."

"అంటే నా మీద నడుస్తారా?"

నవ్వింది. నవ్వితే మనిషి బాగానే ఉంటుంది, అదొక చికాకు. జాకెట్ తీసుకున్నాను. లోపల ఉన్ని అస్తరు ఉంది. ఇక్కడ దక్షిణాన చలికాలం మొదలయ్యే మే నెలాఖరు ఎలాంటిదో నాకు తెలుసు కాబట్టి తీసుకున్నాను. అంతకుమించి ఏమీ లేదు.

జూన్ 4, బుధవారం

మా శిక్షణ మూడు వారాలకి దిగింది.

చెక్కముక్కలు నింపే తొట్టి పునాదికి కాంక్రీటు పోసే రోజులన్నీ వాన మింగింది. బాయిలర్ ఉక్కు తెచ్చే ఓడ ఎక్కడో ఆగింది. మనుషులు చాల్లేదు కాబట్టి మిల్లుకి పంపాల్సిన మమ్మల్ని ఇక్కడే పాత గోడలు పగలగొట్టే పనికి పెట్టారు. ఆవులు వట్టిపోయిన ఈ రెండు నెలలే ఫ్యాక్టరీ ఆగేది. ఆగస్టు మొదట్లో తొలి పాలు వచ్చేస్తాయి. ఆ తేదీ కదలదు. మరి ఏది కదులుతుంది? మేం.

టాంసిన్‌ని అడిగాను. "శిక్షణ తగ్గించలేదు, కుదించాం" అంది.

"తేడా ఏంటి?"

"సారమంతా ఉంటుంది. వ్యవధి మాత్రమే తక్కువ."

సూపు మరిగించినట్టు మరిగిస్తారు కాబోలు మమ్మల్ని.

జూన్ 7, శనివారం

లైబ్రరీ నుంచి ప్రాజెక్టు నిర్వహణ మీద పుస్తకం తెచ్చుకున్నాను. పదహారేళ్లకే బడి మానేసినా చదవడం మానమని ఎవరూ అనలేదు కదా. లావు పుస్తకం. బొమ్మలన్నీ టాంసిన్ బోర్డులాగే ఉన్నాయి.

ఇందులో అబద్ధం ఏమీ లేదు. ఒళ్లు మండేది అందుకే. ఆలస్యాలన్నీ చివరికొచ్చి పేరుకుంటాయి, చివర ఉండేది పరీక్షలూ శిక్షణా, వాటిని తినెయ్యాలని అందరికీ అనిపిస్తుంది, తినకండి అని రచయిత ఒక అధ్యాయమంతా రాశాడు. ఒక ఫ్యాక్టరీ తన నిప్పునే మార్చుకుంటుంటే ఇనుముతోపాటు మనుషుల్ని కూడా అవతలి ఒడ్డుకి చేర్చేవాడే మేనేజర్ అన్నాడు. చెడ్డవార్తని ముందుగా మోసుకెళ్లడానికే అతనికి జీతం అన్నాడు.

టాంసిన్ ఈ పుస్తకం చదివే ఉంటుంది. చదవకపోతే క్షమించేదాన్ని.

జూన్ 20

ఇవాళ మాతారికి, మావాళ్ల కొత్త సంవత్సరం. సెలవు. కొత్త ఏడాదిని తెచ్చే చుక్కల్ని చూద్దామని చీకట్లో లేచి కొండెక్కితే మబ్బు. నిన్న బోర్డు మీద చూశాను, మాతారికికి కూడా ఒక పట్టీ ఉంది. ఆకుపచ్చ. నూరు శాతం పూర్తి. ఆకాశం ఒక్కటే వెనకబడింది.

జూన్ 26, గురువారం

పాత పొగగొట్టం కూల్చేశారు. కొత్త బాయిలర్‌కి ఇంకా సగం గొట్టాలు బిగించలేదు, అయినా కూల్చేశారు. మంత్రిగారి మనిషీ, కెమెరాలూ ఇవాళే వస్తామన్నారు కాబట్టి. మొత్తం ప్రాజెక్టులో అనుకున్న రోజున అయిన పని ఇదొక్కటే.

డూగల్ టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"బాధగా ఉందా?" అన్నాను.

"ఆ గొట్టం మీద పావురాలుండేవి పిల్లా. వాటికి ఎవరైనా శిక్షణ ఇచ్చారా అని చూస్తున్నా."

అందరూ చప్పట్లు కొట్టారు. ఇక కొత్తది పని చేయకపోతే వెనక్కి పోవడానికి బొగ్గు లేదు. ఈ మాట నేను గట్టిగానే అన్నాను. చప్పట్లలో ఎవరికీ వినిపించలేదు.

జులై 3, గురువారం

శిక్షణ అయిపోయింది.

మళ్లీ రాస్తున్నాను, నాకే నమ్మకం కుదరడానికి. శిక్షణ అయిపోయింది. మిల్లు లేదు, ఊరు లేదు, చేతికి పొయ్యి తగలడం లేదు. క్యాంటీన్‌లో నలభై నిమిషాలు. బాయిలర్ అమ్మిన కంపెనీ కుర్రాడు గోడమీద బొమ్మలు వేసి చూపించాడు. విమానం టైమైందని చివరి బొమ్మలు గబగబా దాటించేశాడు. వేడి వేడి సాసేజ్ రోల్స్ పెట్టారు. ఇక్కడ ఏదైనా తినడానికి పెడితే వచ్చినవాళ్లు గుమ్మం దగ్గర కాగితం మీద పేరు రాయడం రివాజు, ఎన్ని ప్లేట్లో తెలియడానికి. రాశాం.

డూగల్ రానన్నాడు. నేనే లాక్కొచ్చాను. "సాసేజ్ రోల్స్ ఉన్నాయి, పద" అని. జాకెట్ వేసుకుని మరీ.

సాయంత్రానికి బోర్డు మీద మా ముగ్గురి పేర్ల పక్కనా ఆకుపచ్చ చుక్కలు వెలిశాయి. "శిక్షణ పొందారు."

సెమిసి తన చుక్కని చాలాసేపు చూశాడు. "చెల్లీ, నేను మూడు రోల్స్ తిన్నాను. మరి నాకు మూడు చుక్కలు రావాలి కదా" అన్నాడు.

జులై 8, మంగళవారం

తెల్లవారకముందే కొత్త బాయిలర్ దగ్గర కరకియా జరిగింది. ప్రార్థన చెప్పడానికి మా తిపెనె అంకుల్ వచ్చాడు. టాంసిన్ వినయంగానే దగ్గరికెళ్లి అడిగింది, "ఎంతసేపు పడుతుందండీ? మా ప్రణాళికలో ఇరవై నిమిషాలు పెట్టుకున్నాం."

"దేవుడు ఏ దారిన వస్తున్నాడో దాన్నిబట్టి ఉంటుందమ్మా" అన్నాడు అంకుల్. "వంతెన దగ్గర రోడ్డు పని జరుగుతోంది."

ప్రార్థన అయ్యాక ఆయన మా వైపు తిరిగి, "ఈ నిప్పుని చూసుకునేది ఎవరు?" అని అడిగాడు. డూగల్ చెయ్యెత్తాడు. అంకుల్ వచ్చి మా పలకరింపు పద్ధతిలో అతని నుదుటికి నుదురు ఆనించాడు. డూగల్ స్కాటిష్ రక్తపు మనిషి, సిగ్గుతో ముఖం ఎర్రబడిపోయింది. కానీ కదలలేదు.

తర్వాత వెలిగించాం. బాగానే వెలిగింది. ఏ మీట ఎందుకో సగం తెలియకుండానే వెలిగింది.

జులై 10, గురువారం

డూగల్ చేతులు కాలాయి.

జులై 11

రాయలేను.

జులై 12, శనివారం

రాస్తాను.

పది గంటల టీ వేళ. టీకి ఎవరు పిలిచారన్నది ముఖ్యం కాదు. బొగ్గు పొయ్యిని వదిలి టీకి వెళ్లాలంటే బొగ్గు తోయడం ఆపి, గాలి మూసి, నిప్పుని అణచిపెట్టి వెళ్తాం. నిప్పు పడుకుంటుంది. వచ్చి లేపితే లేస్తుంది. డూగల్ చేతులకి అది శ్వాసలాంటిది, ఆలోచించి చేసేది కాదు. అలాగే చేశాడు. చెక్కముక్కల్ని పొయ్యిలోకి తోసే మర ఆపాడు, గాలి మూశాడు, వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

చెక్క పడుకోదు. ఆగిన మరలో ఉన్న ముక్కల్ని పట్టుకుని నిప్పు వెనక్కి పాకుతుందట. పాకి పాకి తొట్టిలోకి ఎక్కుతుందట. మేం తిరిగొచ్చేసరికి తొట్టి మూత అంచున సన్నగా పొగ. డూగల్ మూత ఎత్తి చూశాడు. గాలి దొరికింది. ఒక్కసారి లేచింది మంట.

నేను మంట ఆర్పే డబ్బా తెచ్చాను. ఒకటి అయిపోతే ఇంకోటి. సెమిసి డూగల్‌ని లాగి నీళ్లకింద పెట్టాడు.

తొట్టి వెనక గోడకి ఒక ఎర్ర చక్రం ఉంది. అది తిప్పితే తొట్టి నిండా నీళ్లు పడతాయని నిన్న కంపెనీ కుర్రాడు ఫోన్‌లో చెప్పాడు. బొమ్మల్లో ఉందట, చివర్లో. మంట లేచేదాకా రెండు రోజులూ ఆ చక్రానికి నేను నా టోపీ తగిలించాను.

జులై 14, సోమవారం

ఇన్వర్‌కార్గిల్ ఆసుపత్రికి వెళ్లాను. మోచేతుల దాకా కట్లు. కనుబొమలు లేవు. చర్మం అతికిస్తారట. వేళ్లు మళ్లీ ముడుచుకుంటాయో లేదో చెప్పలేమన్నారు.

"గడ్డం గీసుకునే పని తప్పింది పిల్లా."

"జోకులెయ్యకు డూగల్."

"మరి ఏం చెయ్యమంటావు, చప్పట్లు కొట్టనా?"

నాకు ఏడుపొచ్చింది. అతనికి కనిపించకుండా కిటికీ వైపు తిరిగాను. వెనకనుంచి అన్నాడు, "నువ్వు టీకి పిలిచావని తెగ నలిగిపోకు. పిలవకపోతే నేనే నిన్ను పిలిచేవాణ్ణి. నేను టీ మానేసే రకమా?"

స్ట్రాతో నీళ్లు తాగించాను. తాగి అన్నాడు, "నాకు తెలియదు, రోయి. అది వెనక్కి నడుస్తుందని నాకు తెలియదు."

అతను నన్ను పేరుపెట్టి పిలవడం ఇదే మొదటిసారి.

జులై 16, బుధవారం

ఆక్లాండ్ నుంచి ఇద్దరొచ్చి విచారణ చేశారు. సగం రోజులో తేల్చేశారు. కాంక్రీటుకి ఇంతకన్నా ఎక్కువ టైమిచ్చారు. మీటింగులో ఒకాయన నింపాదిగా చదివాడు: శిక్షణ పొందిన ఆపరేటర్ పద్ధతి పాటించకపోవడమే ప్రమాదానికి కారణం.

"శిక్షణ ఎక్కడ పొందాడు?" అన్నాను.

ఆయన బోర్డు వైపు చూపించాడు. డూగల్ పేరు పక్కన ఆకుపచ్చ చుక్క.

"అది సాసేజ్ రోల్ చుక్క" అన్నాడు సెమిసి. ఎవరూ నవ్వలేదు. అతనూ నవ్వలేదు.

మొత్తానికి తప్పు డూగల్‌దట. సంతకాలయ్యాక అతనికి పరిహారం వస్తుందట, కానీ పొయ్యి దగ్గరికి మళ్లీ రానివ్వరట. పద్ధతి పాటించని మనిషి కదా.

జులై 17, గురువారం

టాంసిన్ విమానాశ్రయానికి వెళ్తూ నన్ను కారెక్కించుకుంది. గేటు దాటాక ఆపింది. హీటర్ పెంచింది.

"ఆగస్టు తేదీ నేను పెట్టింది కాదు" అంది.

"పట్టీ కోసింది నువ్వు."

"ఇంకేది కొయ్యను చెప్పు? కాంక్రీటు ఆరేదాకా ఆరదు. ఓడ వచ్చేదాకా రాదు. ఆవు ఈనకుండా ఆగదు. అన్నీ అరుస్తాయి రోయిమాటా. మొత్తం బోర్డు మీద అరవనివాళ్లు మీ ముగ్గురే."

ఆమె ముఖం చూస్తే నిద్రపోయి చాలా రోజులైనట్టుంది. నాకేం జాలి కలగలేదు.

"పైవాళ్లకి ఎందుకు చెప్పలేదు?"

"రెండుసార్లు పసుపు పెట్టాను. రెండుసార్లూ ఆకుపచ్చ ఎప్పుడవుతుందని అడిగారు, అంతే."

తర్వాత అసలు సంగతి బయటపెట్టింది. బీమావాళ్లు ఆపరేటర్లతో మాట్లాడతారు. శిక్షణ సరిపోయిందని నేనంటే విచారణ అక్కడితో ముగుస్తుంది. కొత్త బాయిలర్ షిఫ్టులన్నిటికీ పెద్దగా నన్ను వేస్తారు. ఆ కుర్చీ డూగల్‌ది. పొగగొట్టం కూలిన రోజే అతనికి ఇస్తామని చెప్పారు.

"నువ్వు కాకపోతే బయటివాళ్లొస్తారు. నీలాంటి మనిషి అక్కడ ఉండటమే మంచిది, నిజంగానే అంటున్నాను."

ఆలోచించుకుంటానన్నాను. ఎందుకలా అన్నానో తెలియదు. కారు వెచ్చగా ఉంది.

జులై 18

ఆలోచించడం లేదు. షిఫ్టు పెద్దకి రాత్రి డ్యూటీలు ఉంటాయా అని సెమిసిని అడిగాను, ఊరికే. అతను నా వైపు చూసిన చూపు నాకు నచ్చలేదు.

జులై 19

వాన.

జులై 20, ఆదివారం

అక్క పానియా దగ్గరికి వెళ్లాను. వాళ్ల పొలం ఫ్యాక్టరీకి దగ్గరే, నాలుగొందల ఆవులు. బావ దూడల కొట్టంలో గడ్డి పరుస్తున్నాడు. అక్కకి అంతా చెప్పాను. మంట తర్వాత ఆరిపోయిన బాయిలర్‌ని తొలి పాలకి నేను వెలిగించనంటే ఏమవుతుందో కూడా చెప్పాను.

"మా పాలు మురిక్కాలవలో పొయ్యమంటావా?" అంది.

"నేను అనడం లేదు, వాళ్లు..."

"ఎవరంటే నాకేంటే? ఆవుకి బోర్డు చూపించి, అమ్మా ఇంకో ఎనిమిది వారాలు ఆగి ఈనమని చెప్పలేను కదా."

గొడవపడ్డాం. ఇద్దరికీ అమ్మ గొంతే వచ్చింది కాబట్టి గట్టిగానే పడ్డాం. బావ కొట్టంలోంచి బయటికే రాలేదు, తెలివైనవాడు.

చివరికి టీ పెట్టి నా ముందు కప్పు తోస్తూ అక్కే అంది, "పోయినేడు ఆగస్టులో పాలపొడి డ్రయర్ చెడింది కదా. అప్పుడు మా పాలు లారీల్లో ఉత్తరాన రెండో ఫ్యాక్టరీకి తీసుకెళ్లలేదూ? మొదటి నెలల్లో పాలు తక్కువ, వాళ్ల దగ్గర చోటుంటుంది. ఇప్పుడెందుకు తీసుకెళ్లరు?"

"ఖర్చు. దూరం. బోర్డు ఎర్రబడుతుంది."

"ఎర్రబడితే ఏంటి? కళ్లు పోతాయా?"

పుస్తకం చదివిన మనిషిని, పని ఆపొచ్చని చట్టం చదివిన మనిషిని. ఈ దారి నాకు తట్టలేదు. రెండు నెలలుగా తిట్టడం బాగా చేశాను, అడగడం మాత్రం ఒక్కసారీ సరిగ్గా చేయలేదు.

వాకిట్లో అక్క నా జాకెట్ చూసి, "ఇది వాళ్లిచ్చిందేనా?" అంది. చలిగా ఉందన్నాను. అక్క లోపలికెళ్లి బావ పాత వానకోటు తెచ్చి నా చేతికిచ్చింది. పేడ వాసన. అదే వేసుకుని వచ్చాను.

జులై 21, సోమవారం

పొద్దున సెమిసితో మాట్లాడాను.

"నేను వెలిగించను బ్రో. నువ్వు?"

"నాకు ముగ్గురు పిల్లలు చెల్లీ."

"తెలుసు."

"ముగ్గురికీ నా చేతులంటే ఇష్టం" అన్నాడు. "ఎత్తుకోమంటారు." మళ్లీ తనే, "బయటివాళ్లని తెస్తారేమో" అన్నాడు.

"ఎక్కడినుంచి? తొలి పాల వారంలో బాయిలర్ తెలిసినవాడు ఈ దీవిలో ఖాళీగా ఎవడున్నాడు?"

"ఎవడూ లేడు. అయినా పనిలోంచి తీసేస్తే?"

ప్రమాదమని తెలిసిన పని ఆపే హక్కు మాకు చట్టంలో ఉంది. ఫోన్‌లో తీసి చూపించాను. రెండుసార్లు చదివాడు. "ఇది ఏ బొమ్మలోనూ చూపించలేదే" అన్నాడు. సరే అన్నాడు.

ఆసుపత్రికి ఫోన్ చేశాను. నర్సు ఫోన్ చెవి దగ్గర పెట్టింది. డూగల్ అంతా విన్నాడు. "నా గురించి గొడవ చెయ్యకు" అంటాడనుకున్నాను. అనలేదు. "గట్టిగా చదువు పిల్లా" అన్నాడు.

రేపు పొద్దున ఎనిమిదింటి మీటింగులో, టాంసిన్, ఫ్యాక్టరీ మేనేజర్, అందరూ ఉండగా చదువుతాను. తడబడకుండా ఉండటానికి ఇక్కడ శుభ్రంగా రాసుకుంటున్నాను.

డూగల్ మెక్‌ఆరా చేతులు కాల్చింది డూగల్ మెక్‌ఆరా కాదు. అతనికి నేర్పుతామన్న ఎనిమిది వారాలు మీరు తిన్నారు, తిని అతని పేరు పక్కన ఆకుపచ్చ చుక్క పెట్టారు. మా ముగ్గురికీ ఆ బాయిలర్ నడపడం రాదు. రాదని చెప్పుకోవడానికి మాకు సిగ్గు లేదు. వచ్చని రాసినందుకు మీకుండాలి.

మా ముగ్గురి చుక్కలూ తీసేయండి. విచారణలో డూగల్ మీద రాసిన మాట కొట్టేసి, శిక్షణ ఇవ్వలేదని రాయండి. నాకిస్తానన్న కుర్చీ నాకొద్దు. అది అతనిది, చేతులు నయమయ్యేదాకా ఖాళీగా ఉంచండి. సెమిసినీ నన్నూ మిల్లుకి పంపండి, ఎనిమిది వారాలు, ఒక్క రోజు తగ్గకుండా. అప్పటిదాకా పాలు లారీల్లో రెండో ఫ్యాక్టరీకి పంపండి. ఖర్చవుతుంది. దానికి కూడా ఒక పట్టీ గీసుకోండి, ఈసారి ఎర్రది.

ఇవి జరిగేదాకా ఆ పొయ్యిలో నేనూ సెమిసీ నిప్పు పెట్టం.

జవాబు గురువారం మధ్యాహ్నం పన్నెండు గంటలలోపు కావాలి. టాంసిన్ విమానం ఎక్కకముందు, కాగితం మీద, ఫ్యాక్టరీ మేనేజర్ సంతకంతో.